మెట్లున్న సముద్రం

సముద్రం గురించి బసప్పకు తెలిసినంత గార్లదిన్నె చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఈ మాట చెప్పింది బసప్పే. నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. కుర్రతనంలో ఒక సినిమాలో హీరోకు డూపుగా మద్రాసు సముద్రంలో దూకానని, అడుగున ఎనిమిది కాళ్ళ రాకాసితో కలబడ్డానని, ఆ ఉప్పునీళ్ళకే తన జుట్టు ఊడిపోయిందని. బోరు ఎండినవాడిని ఓదార్చడానికి వెళ్ళినా, చావింటి ముందు కూర్చున్నా, ఎలాగో ఒకలా మాటను సముద్రంలోకి దించేవాడు.

భార్య నల్లమ్మ "నన్నూ ఒకతూరి తోడుకోని పోయి చూపీయప్పా" అని అడిగినప్పుడల్లా, "ఏముండాదే ఆడ? వట్టి ఉప్పు" అని కొట్టిపారేసేవాడు.

అసలు సంగతేమిటంటే, బసప్ప సముద్రం చూడనే లేదు. బావుల్లో పడిన బిందెలూ చెంబులూ మునిగి తీయడం ఆయన పని. గుంతకల్లు వ్యాపారి బదరీనారాయణకు సినిమా పిచ్చి పట్టింది. సముద్రం దాకా పోయే స్తోమత లేక, తన తోటలోని దిగుడుబావిలోనే సముద్రం తీశాడు. హీరోకు ఈత రాదు. అందుకని బసప్ప ఒంటికి సైకిల్ ట్యూబులు చుట్టి, తలమీద అద్దం బిగించిన అల్యూమినియం డబరా బోర్లించి నీళ్ళలోకి తోశారు. రాకాసి అంటే పొట్టు కూరిన గోనెసంచి. సినిమా గుంతకల్లులో నాలుగాటలు ఆడి అటకెక్కింది. ఊళ్ళోవాళ్ళెవరూ చూడలేదు. బసప్ప అదృష్టం.

ఆ రోజుల్లోనే మేనమామ కూతురు నల్లమ్మ బిందె ఊరి బావిలో పడింది. పెళ్ళికని వాళ్ళమ్మ కూతురి పేరు కొట్టించి దాచిన ఇత్తడి బిందె. బసప్ప పొద్దంతా మునిగి, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని, ఉత్తచేతులతో పైకొచ్చాడు. వాళ్ళమ్మ నల్లమ్మ వీపు చీరేసింది. ఆ పిల్ల మాత్రం బసప్ప కళ్ళు చూసి కరిగిపోయి, కొత్తచెరువు సంబంధం కాదని ఇతన్నే చేసుకుంది. బిందె మాట ఇప్పటికింతే చాలు.

ఇన్నాళ్ళకు బదరీనారాయణ మనవరాలు నిఖిత ఆ అటకమీది రీళ్ళు బాగుచేయించింది. "మీ ఊరి మనిషి చేసిన సినిమా కదా, మొదట మీకే చూపిస్తా" అంటూ ప్రొజెక్టరుతో కారులో దిగింది. బసప్ప గుండెలో రాయి పడింది. బావిమెట్లు కనబడతాయి. నలభై ఏళ్ళ సముద్రం ఒక్క సాయంత్రంలో ఎండిపోతుంది. ఆ పైన నల్లమ్మ ముఖం ఎలా చూడటం?

బాగా ఆలోచించి, టీ అంగడి ఓబుళేసు చెవిలో ఊదాడు. "ఏమప్పా, ఆడోళ్ళను మాత్రం రానీయాకు. దాంట్లో గలీజు సీన్లుండాయి."

ఓబుళేసుకు చెబితే మైకులో చెప్పినట్టే. పొద్దు గుంకకముందే పాలకేంద్రం గోడ ముందు చాపలు పడ్డాయి. గడప దాటని ముసలమ్మలు సైతం ముందు వరుస పట్టుకున్నారు. గార్లదిన్నె నుంచి ఆటోల్లో కూడా వచ్చారు. నల్లమ్మ మధ్యలో కూర్చుంది. పక్కన బసప్ప, తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని.

గోడమీద సముద్రగర్భం మొదలైంది. రాతిమెట్లు వరుసగా కనబడ్డాయి. ఒక కప్ప అడ్డంగా ఈదుకుంటూ పోయింది.

"ఏం సామీ, సముద్రానికి మెట్లు కట్టించింది ఎవురు? పంచాయతీవాళ్ళా?" అని అరిచాడు ఓబుళేసు.

డబరా మనిషి దూకబోయే ముందు నీళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు, ఊళ్ళో ఏ బావిలో దిగేవాడైనా చేసేట్టే. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బసప్ప ఓరగా చూశాడు. నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వుతోంది. బసప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, దీనికేనా ఇన్నేళ్ళు భయపడింది అనుకుని తనూ నవ్వేశాడు.

డబరా మనిషి గోనెసంచిని పొడిచి చంపి, మునిగిన దొరల ఓడలోంచి నిధిని రెండు చేతులా పైకెత్తాడు. ఇత్తడి బిందె. కెమెరా దగ్గరికి వెళ్ళింది. గోడంత బిందెమీద చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు.

"నల్లమ్మ," అని గట్టిగా చదివాడు ఓబుళేసు.

ఆ బిందెను బసప్ప నిజంగానే మరిచిపోయాడు. ఆనాడే దొరికింది. బావి మెట్ల సందులో దాచి, సందు చూసుకుని గుంతకల్లుకు పట్టుకుపోయాడు. నిధికి మంచి బిందె తెస్తే సినిమాలో నీ ముఖం ఒకసారి చూపిస్తానని బదరీనారాయణ ఆశపెట్టాడు మరి. ముఖం డబరాలోనే ఉండిపోయింది.

నల్లమ్మ నవ్వడం లేదు.

"సముద్రం కత నేనెప్పుడు నమ్మినా? గుంతకల్లు దాటి రైలెక్కనోడివి నువ్వు," అంది. "బిందె దొరకలేదంటే నమ్మినా. నాకోసం ఎర్రగైనాయని ఆ కండ్లు జూసే నిన్ను చేసుకుంటి."

బసప్ప తలగుడ్డ పూర్తిగా ముఖం మీదికి దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఏ రాకాసీ ఆయన్ను అంతగా ముంచలేదు.

నిఖిత మెల్లగా దగ్గరికొచ్చింది. "అవ్వా, ఆ బిందె మా ఇంట్లోనే ఉంది. గొడుగులు పెట్టుకుంటాం."

నల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. "రేపొస్తాం, నా బిందె నాకియ్యమ్మా. ఆణ్ణించే మద్రాసు రైలెక్కుతాం. ఈయప్ప సముద్రంలో దూకల్ల. నేను గట్టున కూచోని జూడల్ల. బిందె నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చేదాకా ఈయప్పకు నా చేతి సంగటి లేదు."

ఊరంతా ఈలలేసింది. నల్లమ్మ చాప చుట్టుకుని ఇంటిదారి పట్టింది, వెనక్కి తిరిగి చూడకుండా.

నిఖిత ప్రొజెక్టరు సర్దుకుంటుంటే బసప్ప పక్కన చేరి, ఓబుళేసు దూరంగా ఉన్నాడని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ సముద్రానికి యాడన్నా ఒకపక్క మెట్లుంటాయా?"