పోలికకు తెచ్చిన చేప

ఏటి ఒడ్డున సోఫాల కార్ఖానా ఉంది. స్పాంజికి నిప్పంటుకోకుండా కలిపే మందు అక్కణ్ణించి ఏట్లోకి జారుతుంది. ఆ మందు నీళ్ళలో కరిగే రకం కాదు. బురద పురుగుల్లో చేరుతుంది. పురుగుల్ని చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్దవి తింటాయి, కొవ్వులో మందు పేరుకుపోతూనే ఉంటుంది. ఏటి చేపల్లో ఆ మందు ఎంతుందో తేల్చే పరీక్షాశాలలో ఆమె సీనియరు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఆమే. చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు మరి!

ఏటి చేపతో పోల్చడానికి పక్కన ఒక శుభ్రమైన చేపని కూడా పరీక్షించడం అక్కడి పద్ధతి. అది ఎప్పుడూ దూరం నుంచి ఐసులో వచ్చేది. ఈసారి బండి రాలేదు.

"దానికింత హైరానా ఎందుకు? మా తమ్ముడి చెరువుందిగా!" అంది ఆమె.

ఆ చెరువంటే ఆమెకి అంత ధీమా. నీళ్ళు తనే మూడుసార్లు పరీక్షించింది. మరదలికి ఏడో నెల రాగానే, "ఏటి చేప ముట్టుకోకు. మన చెరువు చేప రోజూ తిను, బిడ్డకి బలం," అని దగ్గరుండి మరీ తినిపించింది.

ఫలితం కాగితం వచ్చింది. ఏటి చేపకంటే చెరువు చేపలో మందు మూడింతలుంది. సీసాలు తారుమారయ్యాయేమోనని మళ్ళీ మొదటినుంచీ చేసింది. అదే అంకె.

సాయంత్రం తిన్నగా చెరువు గట్టున, తమ్ముడి ఇంటి పక్కనున్న షెడ్డుకే వెళ్ళింది. గోడవారన మేత బస్తాలు పేర్చి ఉన్నాయి.

"ఈ మేత దేంతో చేస్తార్రా?"

"ఎండబెట్టిన చిన్న చేపల పొడితో అక్కా. వాటిని మన ఏరు సముద్రంలో కలిసేచోట పడతారు. ఏం? నీళ్ళు బాగున్నాయని నువ్వేగా అన్నావు?"

"నీళ్ళు బాగానే ఉన్నాయిరా. నేను మేత చూడలేదు."

అయ్యో, పాఠమంతా కంఠతా వచ్చిన మనిషి! ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో మరదలు పళ్ళెంతో వచ్చింది. "మీకోసం పెద్ద ముక్క ఉంచాను వదినా. నాది అయిపోయింది."

ఆమె పళ్ళెం లాక్కుని బల్ల మీద పెట్టేసింది. "ఇక ఈ చేప తినకమ్మా. ఇందులోనూ ఆ మందు ఉంది."

"అదేంటి వదినా, మీరేగా రోజూ తినమన్నారు!"

"అన్నాను. నా నోరు పడిపోను."

మరదలి మొహం పాలిపోయింది. "సరే, మానేస్తాను. మానేస్తే ఒంట్లోంచి పోతుందిగా?"

కొవ్వులో చేరినది ఏళ్ళతరబడి కదలదని ఆమెకి తెలుసు. త్వరగా బయటపడే దారి తల్లిపాలేనని కూడా తెలుసు. మేత బస్తా మీదే కూర్చుంది.

"చెప్పండి వదినా."

"పోతుందమ్మా," అంది. ఎలా పోతుందో చెప్పలేదు.

"హమ్మయ్య," అంటూ మరదలు కడుపు నిమురుకుంది.