ఇరవై ఉప్పు చుక్కలు

సూప్‌లో ఉప్పు గురించి ఆ ఇంట్లో గొడవ మొదలై అప్పటికి మూడు ఆదివారాలు. ఆ మధ్యాహ్నం ఇంటాయన రెండు చెంచాలు తాగి, ఏమీ అనకుండా లేచి, కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్లు పట్టుకొచ్చి గిన్నెలో పోసుకున్నాడు. నోటితో అంటే ఒక తీరు, ఇలా నీళ్లు పోసి చూపించడం ఇంకో తీరు. వండిన ఇల్లాలికి ఒళ్లు మండింది.

"ఉప్పు సరిగ్గానే ఉంది. మీ నాలుకే మొద్దుబారింది," అంది.

"ఇరవై ఏళ్లుగా నీ చేతి వంట తింటున్న నాలుకే కదా. బారితే బారిందేమో," అన్నాడాయన.

కొడుకు నవ్వాపుకుని రొట్టె తుంచుకున్నాడు. వాడి గిన్నెలో ముప్పాతిక వంతు అలాగే ఉంది. కోడలు ఎవరి పక్కా మాట్లాడలేదు. ఇంటాయన తల్లి, ఎనభై దాటిన పెద్దావిడ, ఒక్కతే గిన్నె వంచి చివరి చుక్కదాకా తాగింది. బాగుందనీ, వాడికి చిన్నప్పట్నుంచీ అన్నిటికీ వంకలేననీ తీర్పు చెప్పేసి, రెండో గ్లాసు మంచినీళ్లు అడిగింది.

మామూలుగా అయితే ఆ ఇంట్లో రుచి విషయంలో ఇల్లాలి మాటకి తిరుగుండదు. పసిపిల్లల కోసం గుజ్జు ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడ ఉద్యోగమే రుచి చూడడం. రోజూ పదింటికి ప్రతి బ్యాచ్ నుంచీ ఒక చిన్న కప్పు ఆవిడ బల్ల మీదికి వస్తుంది. ఒక చెంచా నోట్లో వేసుకుని, నాలుకంతా తిప్పి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ సంతకం పడనిదే డబ్బాలు గేటు దాటవు. ఒకసారి ఉప్పు కొలిచే మీటరు ఒక మాట చెబితే ఆవిడ ఇంకో మాట చెప్పింది. విప్పి చూస్తే తప్పు మీటరుదని తేలింది. అప్పట్నుంచి ఫ్యాక్టరీలో ఆవిడ మీటరమ్మ. ఇంట్లోనూ అంతే, ముద్దొచ్చినా కోపమొచ్చినా అదే పేరు.

ఆ మీటరమ్మకి రెండు నెలలుగా ఏ రుచీ తెలియడం లేదు.

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గిన మర్నాడు, కాఫీలో పంచదార మరిచిపోయాననుకుని ఇంకో రెండు చెంచాలు వేసుకుంది. అదీ మొదలు. పోయిన వాసనలు వారంలో తిరిగొచ్చాయి. రుచులు రాలేదు. వస్తాయిలే అని కొన్నాళ్లు, వస్తాయేమో అని కొన్నాళ్లు గడిపింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రాసిన చీటీ ఎలాగో ఫ్యాక్టరీకి చేరుతుందని భయం. చేరితే ఆ కుర్చీ పోతుంది. ఆ కుర్చీ లేకుండా తనేమిటో ఆవిడకి తెలియదు. అందుకని రంగుతో, వాసనతో, చిక్కదనంతో నెట్టుకొస్తోంది. అవి చాలనిచోట పక్క కుర్చీలో రుచి చూసే అమ్మాయి కనుబొమ్మల వంక చూసి సంతకం పెడుతోంది. నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే. గుజ్జు కోసం వచ్చే వెయ్యి గుమ్మడికాయల్లో ఎక్కడో ఒక చేదు కాయ పడుతుంది. అది కడుపుని పాడుచేసే చేదు. దానికి వాసన ఉండదు, రంగు మారదు, మీటరు పట్టుకోలేదు. నాలుకే పట్టుకోవాలి.

ఇది చాలదన్నట్టు పరిశోధనశాల పిలుపు ఒకటి. కోడలు పనిచేసేది అక్కడే. నాలుక మీద రుచి పడ్డప్పుడు మెదడులో ఎక్కడెక్కడ పని జరుగుతుందో స్కానింగ్ యంత్రంతో చూస్తారు. మామూలు మనుషులతో పోల్చడానికి, రుచి చూడడమే వృత్తి అయినవాళ్లు కావాలని ఫ్యాక్టరీని అడిగారు. మేనేజరు మొట్టమొదట రాసిన పేరు మీటరమ్మదే. రానంటే ఎందుకు రావంటారు. అందుకని మొన్న గురువారం వెళ్లింది.

చెవిదిద్దులూ గడియారమూ తీయించి, ముందు బయట కుర్చీలో కూర్చోబెట్టి అలవాటు చేశారు. ఐదు సన్నని గొట్టాలని కట్టగా చుట్టి నోట్లో పెట్టారు. తెర మీద 'తీపి' అని పడేది, ఒక చుక్క రాలేది. 'ఉప్పు' అని పడేది, ఇంకో చుక్క. అలాగే పులుపు, చేదు. ఐదో గొట్టంలోంచి వచ్చేది నోరు కడగడానికి, ఏ రుచీ లేని నీళ్లు. మీటరమ్మకి ఐదూ ఐదో రకమే. కానీ తీపి చుక్క నాలుకకి ఎడమ అంచున పడుతోందనీ, ఉప్పు చుక్క దాని పక్కనే కాస్త లోపలికి పడుతోందనీ, తక్కిన రెండూ కుడివైపుననీ రెండో విడతకే పట్టేసింది. గోరంత వెడల్పులో అది ఎవరికీ తెలియదని అక్కడివాళ్ల నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్లు ప్రతి చెంచానీ నాలుక మీద నలుమూలలా తిప్పిన మనిషికి తెలిసింది.

తర్వాత యంత్రంలో పడుకోబెట్టారు. తలకి రెండు వైపులా దిండ్లు, చెవుల్లో దడదడ చప్పుడు, గుటక వేయడానికి కూడా తెర మీద గుర్తు రావాలి. చేతి కింద నాలుగు మీటలు. ఈసారి తెర మీద రుచుల పేర్లు పడవు. తడి ఎక్కడ తగిలిందో చూసుకుని మీట నొక్కింది. ఎనభై చుక్కలు. ఒక్కసారి కూడా తడబడలేదు. బయటికొచ్చి దిద్దులు పెట్టుకుంటుంటే, చూచిరాత రాసి ఫస్టొచ్చిన పిల్లకి ఉండేలాంటి గర్వం ఒకటి, దాని వెనకే సిగ్గు.

మంగళవారం సాయంత్రం కోడలు భుజాన సంచీ కూడా దించకుండా వంటింట్లోకి వచ్చి నిలబడింది. మీటరమ్మ క్యారెట్లు తరుగుతోంది.

"అత్తయ్యా, గురువారం నావల్ల ఒక తప్పు జరిగింది. బయట మీకు అలవాటు చేశాక సిరంజిలు మళ్లీ నింపాను. నింపి, తీపిదీ ఉప్పుదీ ఒకదాని గొట్టానికి ఇంకోటి తగిలించేశాను. ఇవాళ చీటీలు సరిచూస్తుంటే బయటపడింది."

"దానికింత మొహం దేనికి? మళ్లీ వస్తాలే," అంది మీటరమ్మ చెయ్యి ఆపకుండా.

కోడలు అక్కడే నిలబడింది.

"ఉప్పు చుక్క ఇరవైసార్లు పడింది అత్తయ్యా. ఇరవైసార్లూ మీరు తీపి మీటే నొక్కారు."

కత్తి ఆగింది.

కోడలు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఒక్క మనిషి మెదడు బొమ్మ చూసి గట్టిగా ఏదీ అనలేరట. అయినా ఉండబట్టలేక చూసిందట. మెదడు లోపలి మడతలో రుచికి కదిలే చోటు ఒకటుంటుందట. తక్కిన రుచి చూసేవాళ్ల బొమ్మల్లో అక్కడ ఉప్పుకీ ఉత్త నీళ్లకీ తేడా కనబడిందట, ఆవిడ బొమ్మలో కనబడలేదట. నోట్లో తడి తగిలిన సంగతి మాత్రం మెదడు చక్కగా పట్టుకుందట.

"బొమ్మ మీద నంబరే తప్ప పేరుండదు. గొట్టాలు మారాయి కాబట్టి లెక్కలోంచి తీసేస్తారు. నేను ఎవరికీ చెప్పను, మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"జ్వరం దగ్గర్నుంచి."

డాక్టరుకి చూపిస్తే తిరిగి రావచ్చనీ, ఎవరిని కలవాలో కనుక్కుంటాననీ కోడలు అంది. మరి ఫ్యాక్టరీలో సంతకాల మాటేమిటని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది మీటరమ్మకి. ఎదురుచెప్పడానికైనా ఎవరో ఒకరు ఉండేవారు.

పెద్దావిడ గదిలోకి వెళ్లి, రోజూలాగే ఆవిడ మేజోళ్లు విప్పడానికి మంచం పక్కన కూర్చుంది. మేజోడు అంచు కాలిలోకి దిగబడిపోయి ఉంది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. రక్తపోటు మాత్రలు వేసుకునే మనిషి. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి ఏడాది దాటింది.

"అత్తయ్యగారూ, సూప్‌లో ఉప్పెక్కువైందని మీకు తెలియలేదా?"

"తెలియకేం. నా నాలుక బాగానే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"కొత్తలో నా వంట నువ్వు పదేళ్లు కిక్కురుమనకుండా తిన్నావు. బయట రుచులు చెప్పి జీతం తెచ్చుకునేదానివి, ఇంట్లో నోరెత్తలేదు. నా వంట ఎలాంటిదో నాకు తెలీదా? నీ పేరు నా నోటి మీదుగా ఎందుకు పోవాలని ఊరుకున్నా."

పెద్దావిడ బోసినోటితో నవ్వింది. మీటరమ్మకి నవ్వు రాలేదు. రెండో మేజోడు కూడా విప్పి ఆ పాదం ఒళ్లో పెట్టుకుంది. ఈవిడ తెలిసి ఊరుకుంది. ఆ డబ్బాల్లోది తినేవాళ్లకి చెప్పడానికి ఇంకా మాటలే రావు.

చీకటి పడకముందే అందరూ భోజనాల బల్ల దగ్గరికి చేరారు. మీటరమ్మ ఐదు గిన్నెల్లో సూప్ పోసి, ఉప్పు సీసా తెచ్చి ఇంటాయన ముందు పెట్టింది. సూప్‌లో అసలు ఉప్పు వేయలేదని చెప్పింది.

"అలిగావా మీటరమ్మా?" అన్నాడాయన. నీళ్ల గ్లాసు అప్పటికే పట్టుకొచ్చి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"అలగలేదు. నీళ్లు పోసుకోవడం మీ తప్పు కాదు. జ్వరం వచ్చినప్పట్నుంచి నాకు రుచులు తెలియడం లేదు. ఉప్పూ లేదు, తీపీ లేదు, చేదూ లేదు."

కొడుకు చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది కదమ్మా అని ఏదో అనబోయాడు. కోడలు వాడి మోచేతి మీద చెయ్యి వేసింది. ఇంటాయన నీళ్ల గ్లాసుని మెల్లగా తన గిన్నెకి దూరంగా జరిపాడు.

"రేపు పొద్దున్నే మేనేజరుకి కాగితం ఇస్తున్నాను," అంది మీటరమ్మ, ఒక్కొక్కళ్ల ముందూ చెంచా పెడుతూ. "ఆ కుర్చీలో నేనింక కూర్చోను. ప్రతి బ్యాచ్‌కీ ఒక డబ్బా అక్కడ దాచి ఉంచుతారు. ఈ రెండు నెలల్లో నేను సంతకం పెట్టినవన్నీ తీయించి, నా పక్క కుర్చీ అమ్మాయి చేత మళ్లీ రుచి చూపించమని అందులో రాశాను. డాక్టరు దగ్గరికి కోడలు తీసుకెళ్తానంది, వెళ్తాను. ఇక ఇంట్లో ఉప్పు వేసే పని మీది. అత్తయ్యగారి గిన్నెలో మాత్రం సగమే."