నాలుగో పాటలో ఒక మాట

దర్జీకి పాటలంటే పడదని కాదు, తన మిషను చప్పుడు కంటే గట్టిగా మోగే దేన్నీ ఆయన ఓర్చుకోలేడు. అలాంటి మనిషి ఆర్నెల్లుగా ఐస్‌లాండ్ రాక్ బ్యాండు ఆల్బమ్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నాడు. పక్క దుకాణం మంగలి ముసిముసిగా నవ్వుకున్నాడు కానీ, సంగతి తెలిసినవాడు కాబట్టి పైకేమీ అనలేదు.

ఆ ఆల్బమ్ కూతురి ఫోనులో ఉంది. చిట్టి బతికున్నప్పుడు దుకాణంలో గుండీలు కుడుతూ అదే పెట్టుకునేది. "ఇవి పాటలా, ఆవులింతలా?" అని ఆయన వేళాకోళం చేసేవాడు. "నువ్వు కాసేపు మాట్లాడకుండా విను నాన్నా" అనేది ఆ పిల్ల. ఆయన వినలేదు. మూడు వారాల జ్వరం పిల్లను పొట్టన పెట్టుకున్నాక విన్నాడు.

అది ఈ లోకంలో పుట్టిన సంగీతంలా ఉండదు. గిటార్లు ఎక్కడో మంచు కింద మోగుతున్నట్టు మొదలై, మెల్లగా గదంతా పరుచుకుంటాయి. పాడే గొంతు ఆడదో మగదో తేలదు. ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకాయన కొలత మధ్యలో అలాగే నిలబడిపోయి, కళ్ళు తుడుచుకుని, ప్యాంటు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు సిగ్గుపడుతూ మళ్ళీ వచ్చాడు.

దర్జీ ఎదురుచూసేది మాత్రం నాలుగో పాట కోసం. అందులో ఒకచోట గిటార్ల హోరు పైకి లేస్తుంది. ఆ హోరులో సగం మునిగిన మాటనొకదాన్ని ఆ గొంతు సాగదీసి సాగదీసి అంటుంది. ఆయన చెవికి అది "నాన్నా". వాళ్ళ భాషలో దానికి ఇంకేదో అర్థం ఉంటుందని ఆయనకు తెలియక కాదు. ఆ మాట రాగానే మిషను చక్రం మీద చెయ్యి ఆపేస్తాడు. రోజుకోసారి కూతురు పిలుస్తోంది, బతకడానికి అది చాలు.

చిక్కల్లా భార్యతోనే. కాజాలు కుట్టేది ఆవిడే. నాలుగో పాట మొదలవగానే సూది గుడ్డలోనే గుచ్చేసి వెనక గదిలోకి వెళ్ళిపోయేది. ఆయనకు ఒళ్ళు మండేది. బిడ్డ గుర్తులన్నీ తుడిచేసుకుంటోందని లోలోపల కోపం పెంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ లేచి వెళ్ళలేదు. ఫోను తీసుకుని పాట ఆపేసింది.

"మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంక ఇది పెట్టకండి."

"చిట్టి పాట నీకు బరువైపోయిందా?"

"రోజూ ఆ మాట వినలేక చస్తున్నాను."

"ఏ మాట?"

"'రాను... రాను...' అంటోంది కదండీ. వెనక గదిలోకి పోయినా వినిపిస్తుంది. అమ్మా, నేనింక రాను అన్నట్టే ఉంటుంది."

ఆర్నెల్లుగా రెండు బారల దూరంలో కూర్చుని ఆవిడ మోస్తున్నది ఇదా! దర్జీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పిచ్చిదానా, అది రాను కాదు. నాన్నా అంటోంది. సరిగ్గా విను" అని పాట మళ్ళీ పెట్టాడు.

హోరు లేచింది. ఆవిడ తల వంచి, ఫోనుకు చెవి ఆనించి విన్నది. ముఖంలో బిగువు కొంచెం కొంచెంగా సడలింది.

"నిజమేనండీ. నాన్నా అనే అంటోంది. మిమ్మల్నే పిలుస్తోంది." కళ్ళనీళ్ళతోనే నవ్వింది. "ఇంకోసారి పెట్టండి."

పెట్టాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టాడు. "వినపడిందా?" అని ప్రతిసారీ ఆశగా ఆయన ముఖంలోకి చూస్తోంది. వినపడిందనే చెప్పాడు. ఎంత చెవి రిక్కించినా ఆయనకు మాత్రం ఇప్పుడు "రాను" అనే వినిపిస్తోంది.