తాడు పడేలోపు

ఆ వేసవిలో రెండు నెలలపాటు మా అన్న మౌలాలీ కోసం తాడు వదిలింది నేనే. బట్టలారేసే దండేన్ని పెరట్లో మోకాలెత్తున అడ్డంగా కట్టి, ఒక కొస పట్టుకుని నిలబడేదాన్ని. అన్న మోటారుసైకిల్ మీద ముందుకు వంగి, ఛాతీ ట్యాంకు మీదికి తెచ్చి, రెండు వేళ్ళతో క్లచ్ పట్టుకునేవాడు. ఎప్పుడు వదులుతానో చెప్పకూడదు. పందెంలో లాగే, తాడు నేలను తాకగానే బండి దూకాలి.

"నా మొహం కాదన్నా, తాడు చూడు," అని అరిచేదాన్ని. బళ్ళో హాజరు పలకడానికే నా గొంతు పెగలదు. అన్న దగ్గర మాత్రం అరవగలను.

అంతకుముందేడు రెంటచింతల పందెంలో అన్న తాడు పట్టుకున్నవాడి మొహం చూశాడు. వాడు తల కదిపితే వదిలాడనుకుని దూకాడు. తాడు ముందు చక్రానికి చుట్టుకుంది. పక్క బండి అన్న కాలి మీదుగా పోయింది. గుంటూరులో కాలికి కడ్డీ వేసి, మళ్ళీ విరిగితే కాలే తీసెయ్యాల్సిందేనన్నారు డాక్టర్లు. అయినా అన్న మానలేదు. బండి నిలబెట్టుకోలేనోడు మన బండేం బాగు చేస్తాడని మాచర్లలో అన్న మెకానిక్ షెడ్డు దగ్గర ఎవరో అన్నారట.

"ఏమే గుల్షన్, నువ్వన్నా పొయ్యి చూడు. నావల్ల గాదు," అని అమ్మ నన్ను పంపింది.

ఈసారి పందెం పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేలో. ఎనిమిది బళ్ళు. చీట్లు తీస్తే అన్నకు పందిరి పక్కనున్న మొదటి చోటు వచ్చింది. పందిట్లో కూర్చున్న పెద్దమనుషుల మీద దుమ్ము లేవకుండా అప్పుడే ట్యాంకరు తెచ్చి ఆ మూలంతా నీళ్ళు చల్లారు. జనం చప్పట్లు కొట్టారు. రేగడి తడిస్తే ఎంత జారుతుందో బిందెతో పడ్డవాళ్ళకు తెలుసు. వెనక చక్రం పక్కకు జారితే అన్న మిగతా బళ్ళకు అడ్డంగా పడతాడు. అతను మొదటి మలుపు వైపు చూస్తున్నాడు, నేల వైపు కాదు.

గట్టు మీది పొడిమట్టిని ఓణీ కొంగులోకి ఎత్తుకున్నాను. అన్న బండి దగ్గరికి నడిచాను.

"ఏందిరో, పిల్ల దిగింది పందెంలోకి!"

"ముగ్గెయ్యటానికొచ్చిందిలేరా!"

జనం విరగబడి నవ్వారు.

"ఏందే గుల్షన్, పో బయటికి!" అన్నాడు అన్న.

మోకాళ్ళ మీద కూర్చుని, వెనక చక్రం ముందున్న బురదను చేతుల్తో గోకేసి, మూరెడు పొడవున పొడిమట్టి పోసి కాలితో అదిమాను. అప్పుడు అన్నకు అర్థమైంది.

"రెండో గేరులో పో. క్లచ్ మెల్లగా వదులు," అన్నాను. నా మాట నాకే వినపడలేదు. అన్న గేరు మార్చాడు.

రెండో చోటులో గురజాల పీర్ సాహెబ్ కొడుకు జానీ ఉన్నాడు. అతని చక్రం కూడా తడిలోనే ఉంది.

"నాగ్గూడా కాస్త పొయ్యి చెల్లెమ్మా, పుణ్యముంటది," అన్నాడు నవ్వుతూ.

జనం మళ్ళీ ఈలలు వేశారు. కొంగులో ఇంకా మట్టి ఉంది. రెండడుగులు వేస్తే చాలు. నేను తల వంచుకుని గట్టు మీదికి పరుగెత్తాను.

ఇంజన్లు అరుస్తున్నాయి. నేను తాడునే చూశాను. ఎంతసేపటికీ పడలేదు. ఊపిరి తీస్తే పడుతుందేమోనని ఊపిరి కూడా తియ్యలేదు.

పడింది.

అన్న బండి పొడిమట్టిని పట్టుకుని తిన్నగా దూకింది. జానీ చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి పక్కకు జారింది. అతను పడ్డాడు. మూడో బండి ఆగలేక అతని మీదికెక్కింది.

అన్న ఎన్నోవాడిగా వచ్చాడో నేను చూడలేదు. మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని అరుస్తున్న జానీని నలుగురు మోసుకెళ్ళి జీపులో పడుకోబెట్టారు.

ఇంటికి రాగానే అమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది.

"వాడి కాలు?"

"బాగుందమ్మా."

పెరట్లోకి వెళ్ళి కొంగు విప్పాను. మిగిలిన మట్టి దండెం కింద పడింది. రెండు గుప్పిళ్ళుంటుంది.