యేసుదానం రాగి బాయిలర్

యేసుదానం కిరసనాయిలు గుడ్డ అంటించి బాయిలర్ నడిమి గొట్టంలోకి వదిలాడు. పైనుంచి రెండు గుప్పిళ్ళ బొగ్గులు జారవిడిచి, వంగి ఊదాడు. నిప్పు రాజుకుంది. కాసేపటికే గొట్టం అడుగున సుయ్‌మని చప్పుడయింది. ఒక చుక్క పడింది, వెనకే ఇంకొకటి. చూస్తుండగానే నిప్పు చల్లారిపోయి, తడిబూడిద వాసన స్నానాలగది నిండా పట్టేసింది.

అతను లేవలేదు. గొంతుక్కూర్చునే బాయిలర్ అడుగు వేలితో తడిమాడు. ఫిబ్రవరిలో చింతపండేసి తోమి, గోనెగుడ్డ చుట్టి అటకెక్కించింది తన చేతులే. అప్పుడు చుక్క కారలేదు. అటక మీదున్న వస్తువు ఎలా పాడవుతుంది?

“కుమారీ, అటక మీదికి ఎవులైనా ఎక్కేరా?”

“ఎవులెక్కుతారండి? పిల్లులెక్కుతాయి,” అంది దేవకుమారి వంటింట్లోంచి. ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది. నవంబరు సగమైంది. తెల్లవారుజామున కొండమీంచి దిగే గాలికి ఆవిడ మోకాళ్ళు అప్పుడే వాచాయి. వేడినీళ్ళు పడితే తప్ప శీతాకాలమంతా ఆవిడ మంచం దిగలేదు.

యేసుదానానికి యాభై ఏడేళ్ళు. పొడుగు మనిషి, వంగిన మెడ. రేవు గేటు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా వాచ్‌మన్. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ టిఫిన్ క్యారియర్లు మూతలు తీయించి చూడటం, సైకిల్ సీట్ల కింద వేళ్ళు పెట్టి తడమటం అతని పని. చేరిన కొత్తలో అలా కాదు. మొహం చూసి, నవ్వి, పొమ్మనేవాడు. అలా నవ్వుతూ పంపినవాడొకడు చొక్కా కింద పొట్ట చుట్టూ రాగితీగ చుట్టుకుని బయటికి పోయాడు. మూడు నెలలు సస్పెండు చేశారు. ఆ మూడు నెలలూ దేవకుమారి పుట్టింటివాళ్ళు పంపిన నూకలతో ఇల్లు గడిచింది. ఆ తర్వాత అతను ఎవరి మొహమూ చూడలేదు, చేతులే చూశాడు. ఆ చూపు ఇంటికీ వచ్చేసింది. పాలు వేలితో ముంచి చూస్తాడు. మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు వెలుతురుకు పెట్టి చూసి గానీ భార్య చేతిలో పెట్టడు.

రెండు నెలల కిందట పక్కింటి పైడయ్య పెరట్లోంచి ఇత్తడి గుండిగ పోయింది. వారం తిరక్కుండా యేసుదానం స్నానాలగది కిటికీని ఇటుకలతో మూసేశాడు. ఏటా పెరట్లో వెలిగించే బాయిలర్‌ను ఈసారి అటకమీంచి దించి నేరుగా లోపల పెట్టాడు.

ఆ రోజు అతనికి సెలవు. జ్ఞానపురం నుంచి నడిచి పాతపోస్టాఫీసు దాకా వెళ్ళి, బాయిలర్లు బాగుచేసే ఇద్రీసును ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. బాయిలర్‌ను రిక్షాలో వేసి పంపొచ్చు. కానీ దుకాణంలో వదిలిన రాగి ఆ దుకాణం రాగిలో కలిసిపోదని నమ్మకమేమిటి?

ఇద్రీసు పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ముంజేతుల మీద కాలిన మచ్చలు. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది. బాయిలర్‌ను పెరట్లోకి మోసుకొచ్చి, బోర్లించి, గోటితో గీకి చూశాడు.

“గొట్టం అడుగున అతుకు ఊడింది బాబూ. దుకానానికి అట్టుకెల్తే కొత్త గొట్టమే ఏసి పంపుతాను.”

“దుకానం మాటొద్దు సాయిబూ. ఏటి సేసినా ఇక్కడే, నా కల్లెదురుగా సెయ్యి.”

ఇద్రీసు సంచి విప్పాడు. యేసుదానం ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. సుత్తి, ఆకురాయి, పట్టుకారు, టంకం కడ్డీ, ఒక రాగిరేకు ముక్క. సంచిలోంచి తీసినవి తీసినట్టు మనసులో రాసుకున్నాడు. రేకు ముక్క ఎంతుందో జానతో కొలిచినట్టు చూశాడు. ఇద్రీసు కుంపటి రాజేసి, రేకు కత్తిరించి, అతుకు మీద పరిచి, కరిగిన టంకం పోశాడు. ఎండ గోడ దిగి వాళ్ళ మీదకి వచ్చింది, వాళ్ళను దాటింది. దేవకుమారి టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పనయ్యాక నీళ్ళు పోసి చూశారు. కారలేదు. ఇద్రీసే దాన్ని స్నానాలగదిలోకి మోశాడు. లోపలికెళ్ళినవాడు గుమ్మంలోనే ఆగి, ఇటుకలు పేర్చిన కిటికీకేసి చూశాడు.

“ఇది లోపలెట్టి ముట్టిత్తన్నారేటి బాబూ?”

“అయితే ఏటి?”

“గాలెల్లడానికి కన్నం కూడా నేదు. బొగ్గుగాలి మంచిది కాదు. కల్లకి కనపడదు, ముక్కుకి తెలవదు. నిద్దరొచ్చినట్టుగుంటాది, అంతే. మా ఈదిలో ఒకాయన అలగే పోనాడు. పెరట్లో ఎట్టుకోండి.”

పెరట్లో! యేసుదానం చూపు పెరటిగోడ మీదికి పోయింది. ఛాతీ ఎత్తు గోడ. రాగి బాయిలర్‌ను పెరట్లో పెట్టమని ఎవడు చెబుతాడు, ఎందుకు చెబుతాడు? పైడయ్య గుండిగకు, అది పోయే ముందు, కళాయి పూసింది ఎవరో? అడగాలి.

“సూద్దాంలే,” అన్నాడు.

ఇద్రీసు సామాను సర్దుకుని గేటు దాకా వెళ్ళాడు. యేసుదానం చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

“సంచి ఓపాలి ఇప్పు.”

ఇద్రీసు అతని వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత సంచి నేలమీద పెట్టి, మూతి పూర్తిగా తెరిచాడు. సుత్తి, ఆకురాయి, పట్టుకారు, మిగిలిన టంకం, మిగిలిన రేకు. అడుగున గుడ్డమూట. యేసుదానం దాన్ని వేళ్ళతో నొక్కాడు.

“రొట్టె బాబూ. మద్దేనం తిననేదు.”

యేసుదానం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న దేవకుమారి తల దించుకుంది.

ఇద్రీసు సంచి సైకిల్‌కు తగిలించి, పెరటిగోడకేసీ, పెరట్లో పాతిన స్తంభంకేసీ చూశాడు. “పోతాదని బయమా బాబూ?” అని అడిగాడు. గొంతులో కోపం లేదు.

“ఊరు మంచిది కాదు సాయిబూ,” అన్నాడు యేసుదానం.

సాయంత్రం అయిదున్నరకు బాయిలర్ వెలిగింది. నీళ్ళు మసలుతుంటే దేవకుమారి తువ్వాలు భుజాన వేసుకుని, గోడ పట్టుకుని వచ్చింది. యేసుదానం అడ్డం నిలబడ్డాడు.

“ఆగు. ముందు నాను పోసుకుంతాను. ఆడెలగ అతికేడో ఏటో. ఊడితే మరిగిన నీల్లు నీ కాల్ల మీద పడతాయి.”

“మీకన్నీ అనుమానాలే,” అంది ఆవిడ. అయినా తువ్వాలు అతనికిచ్చి, బయట పీట మీద కూర్చుంది. అతను లోపలికెళ్ళి తలుపు మూసుకున్నాడు. చలిగాలి రాకుండా కింద గోనె కూడా కుక్కాడు. గడియ పడింది.

చెంబు చప్పుడు వినిపిస్తోంది. రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. ఆవిడ తోటకూర ఒళ్ళో వేసుకుని ఒలుస్తోంది.

“కుమారీ,” అని లోపల్నుంచి పిలిచాడు. “సాయిబు పని బాగానే సేసేడు. సుక్క కార్తనేదు.”

“మరి సెప్పేను కానా.”

“అతుకు దగ్గిర ఓపాలి సూసి వత్తాను. నువ్వు నెగీకు, కూకునే ఉండు.”

మళ్ళీ చెంబు చప్పుడు. తర్వాత అది ఆగింది. దగ్గరగా వంగి అతుకు చూస్తున్నాడు కాబోలనుకుంది ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా ఏ వస్తువునూ ఒక్కసారి చూసి వదిలిన మనిషి కాదు. తోటకూర అయిపోయింది. కాడలు వేరు చేసింది. పిలిచింది. ఇంకోసారి పిలిచింది.

పైడయ్య భుజంతో తలుపు బద్దలు కొట్టేసరికి యేసుదానం గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. నిద్రలో ఉన్నట్టే ఉంది. ఎక్కడా ఒక్క కాలిన మచ్చ లేదు. బాయిలర్ కింద నేల పొడిగా ఉంది.

గేటు దగ్గర జనం గుమిగూడిన వేళకు ఇద్రీసు సైకిల్ మీద వచ్చాడు. పైడయ్య ఎదురెళ్ళి రెండు ముక్కల్లో చెప్పాడు. ఇద్రీసు సైకిల్ గోడకు ఆనించి, చెప్పులు విడిచి వచ్చి, వరండాలో కూలబడి ఉన్న దేవకుమారికి దూరంగా నిలబడ్డాడు.

“సెప్పేనమ్మా,” అన్నాడు. “సరిగ్గా సెప్పనేదు కాబోలు.”

“మీరు సెప్పేరు బాబూ,” అంది ఆవిడ. “నన్ను ఎల్లనివ్వనేదు. ముందు తనే ఎల్లేరు.”

ఇద్రీసు చేతిలో ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూసుకుని, మెట్టు మీద చప్పుడు కాకుండా పెట్టి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

పెరట్లో స్తంభానికి బాయిలర్‌ను కట్టేయడానికి సరిపోయేంత ఇనుపగొలుసు అది. దాని కొసన కొత్త తాళంకప్ప, కప్పకు ఎర్రదారంతో కట్టిన తాళంచెవులు, రెండూ.