మూడో డబ్బా మీద సీలు

మూడో రిపోర్టులో మొగుడి పేరు పక్కన ఆరు కోట్ల ఇరవై లక్షల వీర్యకణాలు కనబడేసరికి కోడలి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఎందుకంటే మొదటి రెండు రిపోర్టుల్లో ఉన్నది సున్నా. కాస్త తక్కువ, బొటాబొటి లాంటి మాటలేం లేవు. నెల తేడాతో రెండుసార్లు లెక్కపెట్టారు, రెండుసార్లూ సున్నాయే. అలాంటిది మూడోసారికి ఓ దేశానికి సరిపడా జనాభా పుట్టుకొచ్చింది.

"కంగ్రాట్స్ అండీ!" అన్నాడు చిన్న డాక్టరు. పెద్ద డాక్టరమ్మ సెలవులో ఉంది, శుక్రవారం గానీ రాదు. అందాకా ఆస్పత్రి మొత్తం తన భుజాల మీదే నిలబడి ఉందన్నట్టు నడుస్తున్నాడు అతను. "సూది అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. గురువారం పొద్దున్న మీవారి శాంపిల్ ఇలాగే ఇంటినుంచి తెచ్చెయ్యండి. శుభ్రం చేసి, చురుకైనవి ఏరి, నేరుగా మీ గర్భసంచిలోకి ఎక్కించేస్తాం. ఐదు నిమిషాల పని."

"పెద్ద డాక్టరమ్మగారు చేత్తో పరీక్ష చేసి, రెండు పక్కలా నాళం తగల్లేదన్నారు కదండీ?"

"చెయ్యి ఒక్కోసారి పొరబడుతుందండీ. మైక్రోస్కోపు పొరబడదు."

ఆ రోజు సోమవారం.

కోడలు పనిచేసేది రంగుల ఫ్యాక్టరీ పరీక్ష గదిలో. ఈ డబ్బాలో రంగూ ఆ డబ్బాలో రంగూ ఒకటేనా కాదా అని చూడటం, పదకొండేళ్ళుగా అదే ఉద్యోగం. రెండు డబ్బాలు ఒకలా వచ్చి మూడోది వేరేలా వస్తే అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ మూడో డబ్బా ఎక్కణ్ణుంచి ఊడిపడిందో కనుక్కుంటారు.

బస్సులో కూర్చుని మూడు రిపోర్టులూ ఒళ్ళో పక్కపక్కన పరిచింది. మొదటి రెండింట్లో శాంపిల్ ఒక మిల్లీలీటరు లోపే, ఆమ్లగుణం. మూడోదాంట్లో మూడున్నర మిల్లీలీటర్లు, క్షారగుణం. లెక్క ఒక్కటే మారితే అదృష్టం అనుకోవచ్చు. పరిమాణం మారి, గుణం మారి, లెక్కా మారిందంటే అది వేరే డబ్బా.

పెద్ద డాక్టరమ్మ నెల కిందట చెప్పింది ఆమెకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "హార్మోన్లు బాగున్నాయి, వృషణాల సైజు బాగుంది. అంటే కణాలు తయారవుతున్నాయమ్మా, బయటికొచ్చే దారి లేదంతే. కొందరికి ఆ నాళాలు పుట్టుకతోనే ఏర్పడవు. ఊరుంది, రోడ్డు లేదు. రోడ్డు మనం వెయ్యలేం. సన్నసూదితో ఊళ్ళోకే వెళ్ళి తీసుకొస్తాం. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ల్యాబులో ఎక్కిస్తాం. సూదికి దొరక్కపోతే చిన్న గాటు పెట్టి వెతుకుతాం. అప్పటికీ దొరక్కపోతే దాత ఉన్నాడు, అది వద్దనుకుంటే పెంపకం ఉంది. ఆ సంగతి మీ ఇద్దరూ తేల్చుకోవాలి. ముందు మాత్రం ఇద్దరూ జన్యు పరీక్ష చేయించుకోండి. నాళాలు లేనివాళ్ళలో ఓ ఊపిరితిత్తుల జబ్బు తాలూకు జన్యువు దాక్కుని ఉండొచ్చు. భార్యలోనూ అదే ఉంటే బిడ్డకి జబ్బు రావచ్చు." ఆఖర్న లేస్తూ, సూది వేసేముందు ఇంకొక్కసారి శాంపిల్ చూసుకుందాం అంది.

రోడ్డు లేని ఊరినుంచి ఆరు కోట్లమంది ఎలా వచ్చారు?

గురువారం పొద్దున్న ఆ డబ్బాలో ఎవడుంటే వాడు తన కడుపులోకి వస్తాడు. ఆ ఆలోచన వచ్చేసరికి దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళిపోయింది.

ఇంట్లో మామగారు ఎదురొచ్చాడు. చొక్కా జేబులో అందరికీ పెన్నుండే చోట ఆయనకి గాజు థర్మామీటరు ఉంటుంది. పాల సేకరణ కేంద్రంలో శాంపిళ్ళు పరీక్షించి రిటైరైన మనిషి. టీలో ముంచి చూస్తే గానీ గుటక వెయ్యడు.

"పాసైందా అమ్మా?"

"ఏది మామయ్యా?"

"అదే... పరీక్ష."

"పాసే. గురువారం మళ్ళీ శాంపిల్ ఇమ్మన్నారు."

"మళ్ళీనా! ఎన్నిసార్లు పరీక్షిస్తారమ్మా వీళ్ళు?" అని గొణుక్కుంటూ లోపలికెళ్ళి, "స్నానం నీళ్ళు నలభై ఒకటున్నాయి, చూసుకుని పోసుకో!" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

మంగళవారం ఫ్యాక్టరీకి అరపూట సెలవు పెట్టి ల్యాబుకెళ్ళింది. అక్కడ మైక్రోస్కోపు ముందుండే ఆవిడకి సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి లెక్కలావిడ అంటారు.

"శాంపిళ్ళు గానీ తారుమారయ్యాయేమో అని..." అంది కోడలు.

లెక్కలావిడ కళ్ళద్దాలు తీసి చూసింది. తీస్తే ఆవిడకేం కనబడదు, అవతలివాళ్ళకి మాత్రం భయం వేస్తుంది. "పంతొమ్మిదేళ్ళ సర్వీసు నాది. ఒకరి పిల్లాణ్ణి ఇంకొకరికి అంటగట్టానా? నా ల్యాబులో తారుమారవ్వాలంటే నేను చచ్చి ఉండాలి."

"మీరని అనలేదండీ..."

"అనేశావుగా! అయినా మీవాళ్ళ డబ్బాని ఇంకోదాంతో ఎలా కలుపుతానమ్మా? అంత పద్ధతిగా తెచ్చినవాళ్ళు ఈ పంతొమ్మిదేళ్ళలో లేరు. ఒకడు టిఫిన్ డబ్బాలో తెస్తాడు, ఇంకొకడు మూత ఇంట్లో మర్చిపోతాడు. మీది చూడు." రిజిస్టరు తిప్పి చూపించింది. డబ్బా మీద లేబుళ్ళన్నీ ఒలిచి వరసగా అతికించి ఉన్నాయి. మొగుడి పేరున్న దానికింద సన్నటి కాగితం పట్టీ ఒకటుంది. మూతకీ డబ్బాకీ కలిపి అంటించిన సీలు అది. దాని మీద అడ్డంగా పొడి సంతకం. పక్కన సమయం, 7.10. దాని పక్కన: 34.5 డిగ్రీలు. తువ్వాల్లో చుట్టి ఉన్న డబ్బాని విప్పకుండానే ఇచ్చి వెళ్ళింది కాబట్టి కోడలు ఈ సీలు చూడటం ఇదే మొదటిసారి.

"వెచ్చగా తెమ్మంటాం గానీ, ఎంత వెచ్చగా ఉందో కొలిచి తెమ్మని ఎవరికీ చెప్పలేదు," అంది లెక్కలావిడ. "మీ ఆయనేం ఉద్యోగం?"

"లిఫ్టు మెకానిక్కండీ."

"అయితే లిఫ్టుల వేడి కూడా రోజూ కొలుస్తాడు కాబోలు."

కోడలు ఆ సీలుని ఫోన్లో ఫొటో తీసుకుంది. మూడో శాంపిల్ ఇంటినుంచి తేవడానికి కారణం ఆస్పత్రి వాళ్ళ గదే. ప్లైవుడ్ గోడ. అవతల రిసెప్షనిస్టు వాళ్ళ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుంటే ప్రతి ముక్కా ఇవతలికి వినబడుతుంది. మొదటి రెండుసార్లు మొగుడు ఆ చెల్లెలి విడాకుల సంగతులు పూర్తిగా తెలుసుకుని బయటికొచ్చాడు. ఇంటికి తీసుకెళ్తామంటే ఎందుకైనా మంచిదని రెండు డబ్బాలిచ్చారు.

ఆ సాయంత్రం మొగుడు ఈల వేసుకుంటూ వచ్చాడు. పెళ్ళైన ఏడేళ్ళలో అతను ఈల వెయ్యడం ఆమె వినలేదు. వినాల్సిన ఈల కూడా కాదు.

"ఏవండీ, ఆ రోజు డబ్బా మీద వేడి ఎంతుందో రాశారా?"

"వేడా? నాకు జ్వరమొస్తేనే చూసుకోను, దానికి చూస్తానా?"

"సీలు వేశారా?"

"మూత తిప్పాను. లేబుల్ మీద పేరు రాశాను. తువ్వాల్లో చుట్టి బల్ల మీద పెట్టాను. ఇంతలో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని ఫోనొస్తే ఏడింటికి ముందే పరిగెత్తాను. నువ్వు స్నానం చేసి పట్టుకెళ్ళావు. ఏంటే, ఇదంతా ఏదో పోలీసు విచారణలా?"

"ఊరికే."

"ఆరు కోట్లే! అంతమందీ ఇన్నాళ్ళూ ఎక్కడ నక్కారో వెధవలు," అని మళ్ళీ ఈల అందుకున్నాడు.

రెండు గంటలపాటు అతన్నే అనుమానించింది కోడలు. సూదికి భయపడి ఎవరిదో తెచ్చాడేమో అనుకుంది. కానీ దొంగకి దొరికిపోతానన్న బెరుకుంటుంది గానీ ఇంత సంతోషం ఉండదు. మనిషి అద్దం ముందు నిలబడి తన భుజం తనే తట్టుకుంటున్నాడు.

అలమార తెరిచి చూసింది. ఆస్పత్రి వాళ్ళు అదనంగా ఇచ్చిన రెండో డబ్బా లేదు.

శాంపిల్ పట్టుకెళ్ళిన రోజు ఆమె స్నానాల గదిలో ఉండగా ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఆమె బయటికొచ్చేసరికి ఆయన బల్ల దగ్గర పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. అప్పుడు కళ్ళజోడు లేదు కాబోలు అనుకుంది.

ఛ, అనుకుంది. మళ్ళీ 34.5 గుర్తొచ్చింది.

బుధవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మామగారు టీ చల్లార్చుకుంటున్నాడు. ఎదురుగా మడతపెట్టిన పేపరు. దాని కిందనుంచి తెల్లటి కాగితం కొస కనిపించింది. లాగింది. సన్నగా, కొలిచి కత్తిరించిన పట్టీ. సమయానికీ డిగ్రీలకీ ఖాళీ వదిలి, అడ్డంగా పొడి సంతకం చేసి సిద్ధంగా ఉంది. తేదీ మరుసటి రోజుది.

కోడలు ఫోన్లో ఉన్న సీలు ఫొటో తెరిచి దాని పక్కన పెట్టింది. రంగుల గదిలో పదకొండేళ్ళ అనుభవం అవసరం లేకపోయింది. గుడ్డివాడైనా పోల్చగలడు.

"మామయ్యా, రేపటి శాంపిల్ దేనికనుకున్నారు?"

"పరీక్షకే కదమ్మా!"

"కాదు మామయ్యా. రేపు పరీక్ష లేదు. రేపు ఆ డబ్బాలో ఉన్నది నా గర్భసంచిలోకి ఎక్కిస్తారు."

థర్మామీటరు టీ గ్లాసులో పడింది. ఆయన దాన్ని తియ్యలేదు. "ఎవరి... ఎక్కడికి..." అన్నాడు.

"సున్నా ఉండుంటే సూదితో మీ అబ్బాయివే తీసేవాళ్ళు మామయ్యా. ఆయన వచ్చే వేళైంది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

బయట ఈల వినబడింది. మెట్లెక్కుతోంది. గుమ్మంలోకొచ్చి వాళ్ళిద్దరి మొహాలూ చూసి ఆగింది.

"ఏంటి నాన్నా, ఏమైంది?" అన్నాడు మొగుడు.

మామగారు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ముందు నువ్వు కూర్చోరా. నిలబడి వినే మాట కాదిది. ఆ మూడో డబ్బా నీది కాదు. నాది. అమ్మాయి వంక చూడకు, తనకేం సంబంధం లేదు, తను పట్టేసింది. నేనే మార్చాను.

పాల కేంద్రంలో ముప్పై రెండేళ్ళు చేశాను. ఒక్కరి శాంపిల్ మార్చలేదు. మీ మేనమామ పాలల్లో నీళ్ళు దొరికితే మీ మేనమామ పాలు పోసే కార్డే కొట్టేశాను. మీ అమ్మ ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. అయినా మార్చలేదు. అలాంటివాణ్ణి, మొదటిసారి మార్చింది నీదేరా.

అక్కడి రూలు నీకు తెలుసుగా. ఒకసారి ఫెయిలైతే హెచ్చరిక. రెండోసారికి ఎర్ర సిరా. మూడోసారి ఫెయిలైతే కార్డు రద్దు, ఆ ఇంటి క్యాను మళ్ళీ గేటు దాటదు. నేను కార్డు కొట్టేసినవాళ్ళు ఖాళీ క్యాను పట్టుకుని ఎలా వెనక్కెళ్ళేవాళ్ళో నాకింకా గుర్తే. నువ్వు నీ రెండు రిపోర్టులూ ఈ బల్ల మీదే పడేసి వెళ్ళావు. చదివాను. రెండు సున్నాలు. మూడోదీ సున్నా వస్తే నీ కార్డు కొట్టేస్తారనుకున్నాను. ఎవర్నైనా అడగొచ్చుగా అంటావేమో. ఎవర్నడగన్రా? ఇది ఎవర్నైనా అడిగే మాటా?

నువ్వు వెళ్ళిపోయావు. అమ్మాయి స్నానంలో ఉంది. అలమారలో రెండో డబ్బా ఉంది. నీది పారబోశాను, నీ లేబులే తీసి నాదానికి అంటించాను. నాకు అరవై రెండేళ్ళు, పాసవుతానని నాకే నమ్మకం లేదు. ఆరు కోట్లని విన్నప్పుడు కాస్త... సరే, ఆ సంగతి వదిలెయ్.

పరీక్షకే అనుకున్నానమ్మా. రేపటిదీ పరీక్షే అనుకుని కాగితం కత్తిరించి పెట్టుకున్నాను. పరీక్షించిన పాలు పారబోస్తారు, తిరిగి క్యానులో ఎవడూ పొయ్యడు. ఇక్కడ పోస్తారని నాకు తెలియదు. నువ్వా మాట అన్నప్పటినుంచి చేతులు చల్లబడిపోయాయి, ఎన్ని డిగ్రీలకి పడిపోయాయో కొలుచుకోడానికి కూడా భయంగా ఉంది.

రేపు ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దు. శుక్రవారం పెద్ద డాక్టరమ్మ వచ్చాక నేనూ మీతో వస్తాను. ఆ ఆరు కోట్ల ఇరవై లక్షలూ నా పేరు కింద రాసుకోమని నేనే చెబుతాను. ఆ కళ్ళద్దాలావిడకీ నేనే చెబుతాను, తిడితే పడతాను. నీ పేరు పక్కన సున్నాయే ఉండనీరా. సున్నా ఉంటేనే నీకు ఆ సూది వేస్తారట కదా. మా కేంద్రంలో సున్నాకి గేటు మూసేస్తాం, ఇక్కడ సున్నా చూశాకే ఇంకో గేటు తెరుస్తారని నాకేం తెలుసు? సూది వేసేటప్పుడు బయట బల్ల మీద నేను కూర్చుంటాను. ఏ డబ్బానీ ముట్టుకోను, చేతులు జేబులో పెట్టుకుంటాను.

చేసింది తప్పే. చాలా పెద్ద తప్పు. సీలు మాత్రం సరిగ్గానే వేశాను."