కూర్మయ్య వద్దన్న ములాఖత్

రిమాండు మీద జైలుకు కొత్తగా వచ్చిన వాళ్లను చూడడానికి ప్రిస్కిల్లా వారం వారం వెళ్లేది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. బీపీ చూసేది, దెబ్బలున్నాయేమో చూసేది, నిద్ర గురించి, తిండి గురించి అడిగేది. కోర్టు ఏదీ తేల్చకముందే బతుకు అయిపోయిందనుకునే వాళ్లు తొలిరోజుల్లోనే ఎక్కువని ఆమెకు తెలుసు.

ఆ ఏడు వానాకాలంలో కళింగపట్నం నుంచి కూర్మయ్యను తెచ్చారు. సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. వల చిరిగిన తగాదాలో బావమరిది బాబీని తెడ్డుతో తల మీద కొట్టాడు. స్పృహ లేని బాబీని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లారు. బాబీ, కూర్మయ్య భార్య చిన్నతల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. వాడికి వేట నేర్పింది కూర్మయ్యే.

ప్రిస్కిల్లా ఏది అడిగినా అతను "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. జవాబులు అంత తేలిగ్గా రావడం ఆమెకు నచ్చలేదు. వార్డరు ఎల్లాజీని అడిగింది.

"పెళ్లాం ములాఖత్‌కొస్తే ఎల్లట్లేదు సిస్టర్. కొత్త లుంగీ పక్కోడికిచ్చేసినాడు. నాకింకెందుకు అన్నాడట."

ఆమె వెనక్కి వెళ్లి కూర్మయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కూర్మయ్యా, సచ్చిపోవాలనిపిస్తందా?"

గుమ్మంలో ఉన్న జైలరు జగన్నాధం ఉలిక్కిపడ్డాడు. కూర్మయ్య అరచేతులు చూసుకున్నాడు.

"అనిపిస్తందమ్మా. నా సేతుల్లో పెరిగినోడిని నానే సంపీసినాను. సిన్నతల్లి మొకం ఎలా సూడను?"

"బాబీ పోయాడని ఎవలు సెప్పినారు?"

"పడినోడు లేవలేదు. నాను సూసినాను గదా."

"నాకూ తెలీదు. అబద్ధం సెప్పను. కనుక్కుంటాను. అందాకా నువ్వు ఒక్కడివే ఉండొద్దు. ఆ ఆలోసన వస్తే ఎల్లాజీతో సెప్పు. సెప్తావా?"

"సెప్తాను."

బయటికొచ్చాక జగన్నాధం, "అలా నేరుగా అడిగితే లేనిది పుట్టించినట్టు కాదా సిస్టర్?" అన్నాడు.

"అడిగితే పుట్టదు సార్. ఉన్నదే బయటికొస్తుంది."

ఆయన కాస్త ఆలోచించి, కూర్మయ్యను చివరి గదిలోంచి నలుగురూ ఉండే బ్యారక్‌కు ఆ పూటే మార్పించాడు. మనోవైద్యుడికి చూపించే ఏర్పాటూ చేశాడు. బ్యారక్‌లో ఏసుదానం అనే పెద్దాయన, కూర్మయ్య తినేదాకా తనూ ముద్ద ముట్టనని పక్కనే కూర్చునేవాడు.

మర్నాడు చిన్నతల్లి మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. బాబీ సంగతి కనుక్కోవడానికే ఆ రోజూ జైలుకొచ్చిన ప్రిస్కిల్లా ఎదురెళ్లి అడిగింది.

"నిన్ననే కళ్లు తెరిసినాడు. గంజి తాగుతన్నాడు. ఇన్నాళ్లూ ఈయన్ని తిట్టడానికొచ్చినాను. ఈయాల ఆ మాట సెప్పడానికొచ్చినాను."

ప్రిస్కిల్లా లోపలికెళ్లి, చిన్నతల్లి మంచి కబురే తెచ్చిందని, దాన్ని ఆమె నోటే వినమని కూర్మయ్యకు చెప్పింది. అతను ఏసుదానం చెయ్యి పట్టుకుని ములాఖత్ గదిలోని ఇనప జాలీ దాకా వచ్చాడు. చిన్నతల్లి చెప్పింది విని జాలీ పట్టుకుని ఏడ్చేశాడు.

"ఆడు నా మొకం సూస్తాడా?"

"ఇప్పుడు సూడడు. నాకూ కోపం పోనేదు. తిట్టాలంటే మనిషుండాల గదా. నువ్వు ఉండు."

కూర్మయ్య ఏడుస్తూనే తలూపాడు.

ఆ ఒక్క కబురుతో అంతా సర్దుకోలేదు. ప్రిస్కిల్లా వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న అడిగేది. కొన్ని వారాలు అతను "ఆ ఆలోసన వచ్చినాదమ్మా, ఎల్లాజీతో సెప్పినాను" అనేవాడు. తర్వాత తర్వాత "రానేదు" అనేవాడు. మందులు మింగుతున్నాడు. బ్యారక్‌లో కుర్రాళ్లకు వల అల్లడం చూపిస్తున్నాడు.

దసరా వెళ్లాక బెయిలు వచ్చింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కూర్మయ్య, చిన్నతల్లి బస్సు దిగి ఇంటికి నడిచేసరికి బాబీ గుండుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూసి తల తిప్పుకున్నాడు. కూర్మయ్య కింద మట్టిలో కూర్చోబోయాడు.

బాబీ సముద్రం వైపే చూస్తూ, కొంచెం జరిగి అరుగు మీద చోటిచ్చాడు.